హిమలోకం ముందు షామియానా

ఆ ఆదివారం ఉదయం కామరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే పార్కుకి వెళ్ళాలి, హిమలోకం గేటు దగ్గర మంచినీళ్ళ కుండలు పెట్టించాలి, షరీఫ్ చేత ఒక షామియానా వేయించాలి. ఎండీ శ్రీరామ్మూర్తి గారు రిబ్బను కత్తిరించడానికి వచ్చేసరికి లైనులో ఉన్న ప్రతి తల మీదా నీడ ఉండాలి. అంతే.

కామరాజు గోదావరి జిల్లా నుంచి వచ్చి విశాఖ పోర్టులో చేరి, సర్వీసంతా లారీలను వరసలో నిలబెట్టి రిటైరైన మనిషి. భార్య తాయారు పోయాక మద్దిలపాలెంలోని ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు తప్ప మరో పలకరింపు లేకపోయింది. అందుకే భీమిలి రోడ్డులో 'సాగర సంబరం' అనే వినోదాల పార్కు పెడితే వెళ్ళి చేరాడు. ఉద్యోగం పేరు గెస్ట్ కంఫర్ట్ ఆఫీసర్. "మంచినీళ్ళు తాగారా, కాళ్ళు లాగుతున్నాయా" అని వచ్చినవాళ్ళను అడగడం అతని పని. అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండటమే అతనికి జీతం కన్నా ఎక్కువగా తోచేది.

హిమలోకం ఆ పార్కులో కొత్తగా కట్టిన భాగం. లోపల మంచుబండి ఎక్కి చల్లగా జారవచ్చు. బయట మాత్రం అంతా తెల్ల సిమెంటు. సిమెంటు మంచుకొండలు, సిమెంటు పెంగ్విన్లు కలిసి మే నెల ఎండను పట్టి లైనులో ఉన్నవాళ్ళ ముఖాల మీదికి తిప్పి కొట్టేవి. ఇంజనీర్లు గీసిన బొమ్మలో లైను పొడుగునా గొడుగుల్లాంటి చెట్లున్నాయి. నేల మీద అవి ఇంకా మోకాలెత్తు మొక్కలే. కామరాజు మీటింగు పెట్టినప్పుడల్లా నీడ మాట ఎత్తాడు. "మంచు థీమ్‌కి షెడ్డు నప్పదండీ" అని ఆపరేషన్స్ మేనేజరు ఆశాజ్యోతి ప్రతిసారీ తోసిపుచ్చింది. ఏసీ గదిలో కూర్చుని వింటే ఆ మాటా సబబుగానే ఉండేది.

చివరికి శ్రీరామ్మూర్తి గారే ఫోన్ చేసి తేల్చేశారు. "ఆదివారం పబ్లిక్‌కి తెరుస్తున్నాం. ఎండకి ఒక్కరు సొమ్మసిల్లినా, ఒక్కరు గొడవ చేసినా, సాయంత్రం మీరు ఐడీ కార్డు ఇచ్చేసి ఇంటికెళ్ళిపోవచ్చు కామరాజు గారూ." ఇంటికి వెళ్ళడమన్న మాట ఎవరికైనా హాయిగా ఉంటుంది. కామరాజుకి మాత్రం ఆ ఫ్రిజ్జు చప్పుడు వినపడింది.

ఆ భయంతోనే పూర్ణా మార్కెట్ దగ్గర టెంట్ హౌస్ నడిపే పాత స్నేహితుడు షరీఫ్‌కి ఫోన్ చేశాడు.

"షరీఫూ, అర్జెంటుగా షామియానా కావాలి."

"ఏటి బావా, పెళ్ళా? సావా?"

"రెండూ కాదు. గేటు ముందు జనం గంటల తరబడి ఉండాలి. అసలే ఎండ. ఎండీ గారొస్తున్నారు. ఆయనొచ్చేసరికి అందరూ కదలకుండా అక్కడే కనపడాలి."

అవతల షరీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకేటీ సెప్పకు బావా. ఇలాటియి పోన్లో మాటాడకూడదు. ఈ వయసులో బలే గుండె దైర్యం నీది. నాను సూసుకుంతాను."

షామియానా వేయించడానికి గుండె ధైర్యం ఎందుకో కామరాజుకి బోధపడలేదు. బిల్లు గురించి అంటున్నాడేమో అనుకుని ఊరుకున్నాడు.

షరీఫ్ వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. అతను సామాను పేర్లు అడగడు, సందర్భం అడుగుతాడు. సందర్భాన్ని బట్టి బండి నిండుతుంది. పెళ్ళికి ఎర్ర గుడ్డలు, సింహాసనాలు. చావుకి తెల్ల గుడ్డ, ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ళ డ్రమ్ము. ఈ రెండూ కాక ఏదో ఒక గేటు ముందు, పైవాళ్ళు వచ్చేదాకా, జనం కదలకుండా కూర్చునే సందర్భం ఈ ఊళ్ళో మూడోది ఒకటుంది. అది నిరాహార దీక్ష. దానికి షామియానా, ముందు వరసకి పరుపులు, బాలీసులు, వెనకవాళ్ళకి కుర్చీలు, ఒక మైకు. ఈ సెట్టుతోపాటు షరీఫ్ మరో ఉపకారం ఉచితంగా చేస్తాడు. మల్కాపురంలో ఉండే వీర్రాజుకి కబురు చేస్తాడు. వీర్రాజు ఒక కార్మిక సంఘం నాయకుడు. ఊళ్ళో ఎక్కడ టెంటు లేచినా వెళ్ళి సంఘీభావం తెలపకపోతే ఆయనకి ఆ పూట అన్నం సయించదు.

కామరాజు కుండలకి తడిగుడ్డలు చుట్టించి వచ్చేసరికి షామియానా లేచిపోయింది. కింద లైను మొదట్లో నాలుగు పరుపులు, బాలీసులతో సహా పరిచి ఉన్నాయి.

"పరుపులెందుకు షరీఫూ?"

"ముందు వరసోళ్ళకి బావా. ఆల్లు నడుం వాల్చాల గదా."

కామరాజు ఆ మాటకి చలించిపోయాడు. లైనులో నిలబడ్డ ముసలివాళ్ళకి నడుం వాల్చే ఏర్పాటు తనకే తట్టలేదు, టెంటు వాడికి తట్టింది. రిబ్బను తెగేదాకా మంచుబండి తిరగదు కనుక, వచ్చినవాళ్ళందరినీ టెంటు కిందే కూర్చోబెట్టాడు. అందరికన్నా ముందు నిలబడింది పోతమ్మ. మనవరాలికి మంచు చూపిస్తానని తగరపువలస నుంచి వచ్చిన ముసలావిడ. కామరాజు ఆవిణ్ణి పరుపు మీద కూర్చోబెట్టి వీపు వెనక బాలీసు సర్దాడు.

"సల్లగుండు బాబూ! మా కోడలైనా ఎప్పుడూ దిండెయ్యనేదు నాకు" అంది పోతమ్మ. చెప్పడం పూర్తయ్యేలోగానే ఒరిగిపోయింది.

కామరాజు నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది. కంట్రోల్ రూములో కెమెరాలు చూస్తున్న ఆశాజ్యోతి గొంతు.

"కామరాజు గారూ, గెస్టులు పడుకున్నారేంటండీ?"

"కంఫర్ట్ మేడం" అన్నాడు కామరాజు గర్వంగా.

సరిగ్గా అప్పుడే వీర్రాజు తన బలగంతో దిగాడు. గేటు దగ్గర అందరికీ టిక్కెట్లు కొని, గ్రూపు డిస్కౌంటు కూడా అడిగి పుచ్చుకుని మరీ వచ్చాడు. చేతినిండా బంతిపూల దండలు. వస్తూనే పోతమ్మ మెడలో ఒకటి వేసి నమస్కరించాడు.

పోతమ్మ కళ్ళు తెరిచి దండ తడుముకుంది. "ఓలమ్మ! టిక్కెట్టుకి దండ కూడా ఏత్తన్నారేటి!"

ఆ మాట వెనక్కి పాకింది. మాకేవి దండలని కుర్చీల్లోవాళ్ళు లేచారు. అక్కడ దండలు, పరుపులు ఇస్తున్నారట అని జెయింట్ వీల్ లైనూ, నీళ్ళ జారుడుబల్ల లైనూ విరిగి ఇటు వచ్చాయి. కాసేపట్లో పార్కులో మిగతా ఆటలన్నీ ఖాళీగా తిరుగుతున్నాయి. వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది.

"దండలెందుకండీ?"

"అది నాకూ తెలీదు మేడం."

ఈలోగా వీర్రాజు మైకు అందుకున్నాడు. "ఎండలో మాడుతున్న అక్కచెల్లెళ్ళారా! ఏం కావాలమ్మా మీకు?" అని పోతమ్మ ముందు పెట్టాడు.

"కూసింత గాలాడితే సాలు బాబూ."

"విన్నారా! గాలి అడుగుతోంది తల్లి! గాలి కావాలి!"

"కావాలి, కావాలి!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. వాళ్ళకి అది కొత్త ఆటలా ఉంది, పైగా లైను కట్టక్కర్లేని ఆట.

పరుపులు, దండలు, మైకు కలిపి చూసుకుంటే కామరాజుకి అప్పుడు అర్థమైంది. షరీఫ్‌ని పక్కకి లాగాడు. "దీక్ష అనుకున్నావా నువ్వు?"

"కాదేటి? మరి ముందే సెప్పొచ్చు గదా బావా!"

"నువ్వు చెప్పనిచ్చావా?"

"అరె, కంగారు పడకు. మైకుంది గదా, నువ్వే సెప్పీ."

కామరాజు మైకు తీసుకున్నాడు. "అయ్యా, ఇది దీక్ష కాదండీ. ఇది మామూలు లైను. వీళ్ళంతా టిక్కెట్టు కొన్నవాళ్ళు. ఇక్కడ నీడ వేయమని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటుంటే ఎవరూ పట్టించుకోక, ఇవాళ నేనే ఈ టెంటు..."

మిగతాది చప్పట్లలో కలిసిపోయింది. "మేనేజ్‌మెంటు మనిషై ఉండి ప్రజల పక్షం వచ్చేసినాడు!" అని వీర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. అందరికన్నా లావు దండ కామరాజు మెడలో పడింది. నలుగురు కలిసి అతన్ని ఎత్తి పోతమ్మ పక్కన పరుపు మీద కూర్చోబెట్టారు. కెమెరాలో అది చూసిన ఆశాజ్యోతి వాకీటాకీ పక్కన పెట్టి ఎండీ గారికి ఫోన్ చేసింది. "సార్, గెస్టులు దీక్షకి కూర్చున్నారు. నాయకుడు మన ఆఫీసరే సార్."

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఎండ నడినెత్తికెక్కేసరికి పోతమ్మ సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. వీర్రాజు మనుషుల్లో ఒకడు వినయంగా ఆ డబ్బా మూత మూసేశాడు.

"అమ్మా, పేపరోళ్ళు ఫొటో తీత్తే పరువు పోతాది. దీచ్చలో తినకూడదు."

"టిక్కెట్టు కొనుక్కుని పస్తుండాలేటిరా? నాకు సుగరుంది!"

"సాయంత్రం దాకా ఓర్సుకోయే."

"నీ మొకం మండ! నా డబ్బా ఇయ్యి!"

కామరాజు ఆవిడ ముఖంలోకి చూశాడు. పెదాలు ఎండి ఉన్నాయి. ఎండకి సొమ్మసిల్లకుండా తెచ్చి నీడలో కూర్చోబెట్టిన మనిషి ఆకలికి సొమ్మసిల్లబోతోంది. ఒక్కరు పడిపోయినా సాయంత్రం ఇల్లే. డబ్బా లాక్కోబోతే వాడు దాన్ని వెనక్కి అందించాడు. వెనకవాడు ఇంకా వెనక్కి అందించాడు. పులిహోర చూస్తుండగానే జనంలో కలిసిపోయింది.

అదే సమయానికి జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. శ్రీరామ్మూర్తి గారు వస్తున్నారు, వెనకే ఆశాజ్యోతి. హిమలోకం ఫొటోల కోసమని ఆశాజ్యోతి ఆయనకి ఉన్ని టోపీ పెట్టించి మఫ్లరు చుట్టించింది. దీక్ష కంగారులో అవి తీయడం ఎవరికీ గుర్తు రాలేదు. మే నెల మధ్యాహ్నం మఫ్లరుతో, చెమటలు కక్కుతూ, చేతిలో నిమ్మరసం గ్లాసుతో ఆయన నడిచి వచ్చారు. దీక్షలు ఎలా విరమింపజేస్తారో టీవీలో చూసి ఉన్నారు. టెంటు కిందికి రాగానే ఒక్క క్షణం ఆగిపోయారు. సముద్రం వైపు నుంచి గాలి తగిలింది. ఆయన ముఖం తనకి తెలియకుండానే కాస్త విప్పారింది.

"ఏమిటి మీ డిమాండ్లు?" అన్నారు కామరాజుతో, పళ్ళు బిగించి నవ్వుతూ.

ఇది లైను మాత్రమేనని చెబుదామనుకున్నాడు కామరాజు. ఇంతకు ముందు నిజం చెబితే ఏమైందో గుర్తొచ్చింది. ఎటూ పోయే ఉద్యోగమే అనుకున్నాడు. "లైను పొడుగునా నీడ సార్. కూర్చోడానికి బల్లలు. తాగడానికి చల్లటి నీళ్ళు."

"ఇంతేనా?" టిక్కెట్టు ధర సగం చేయమంటారని భయపడుతూ వచ్చిన ఎండీ గారికి ప్రాణం లేచొచ్చింది. "ఒప్పుకున్నాం!" అని మైకులో ప్రకటించారు. పిల్లలు గంతులేశారు. వీర్రాజు ఇది చారిత్రక విజయమన్నాడు. ఎండీ గారు గ్లాసు పోతమ్మ చేతికిచ్చి, ఫొటో కోసం వంగి, నవ్వు చెదరకుండా కామరాజు చెవిలో అన్నారు. "సాయంత్రం కార్డు ఇచ్చేసి వెళ్ళండి."

పోతమ్మ గ్లాసు పెదాల దాకా తెచ్చి ఆగింది. ఆవిడకి సుగరు ఉంది కానీ చెవుడు లేదు.

"ఏటీ? ఈ బాబుని తీసేత్తావా?"

"అది మా లోపలి విషయమమ్మా. మీరు తాగండి."

పోతమ్మ గ్లాసు కింద పెట్టేసింది. "నాకు దిండేసినోడ్ని తీసేత్తే నాను తాగను."

"అమ్మా, తాగండమ్మా" అన్నాడు కామరాజు హడలిపోయి. "మీకు సుగరుంది."

"నువ్వూరుకో బాబూ, నీకు తెలవదు." పొద్దున్నించీ తిండి కోసం పోట్లాడుతున్న ముసలిది బాలీసు సర్దుకుని, కాళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుంది. వెనక కుర్చీల్లో ఒకాయన ఐస్‌క్రీము పక్కన పెట్టేశాడు. ఇంకొకావిడ చిప్సు ప్యాకెట్టు మడత పెట్టింది. అటుకేసి చూస్తే తినేవాడు ఒక్కడు లేడు. అంతదాకా లైనుగా ఉన్నది చూస్తుండగానే నిజంగా దీక్ష అయిపోయింది. ఇన్నేళ్ళలో తను మైకు పట్టకుండా మొదలైన దీక్షను వీర్రాజు చూడలేదు.

శ్రీరామ్మూర్తి గారు మూసిన ఆ కళ్ళవంకా, ఎండిన ఆ పెదాలవంకా చూశారు. మఫ్లరు విప్పి ఆశాజ్యోతి చేతికిచ్చారు. పరుపు అంచున కూర్చున్నారు.

"తీయడం లేదమ్మా. ఎక్కడికీ పంపను. తాగండి."

"ఒట్టేనా?"

"ఒట్టు."

పోతమ్మ ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. "ఉప్పెయ్యనేదేటి?"

ఉప్పు కోసం ఎండీ గారే లేచారు.

వారం తిరక్కుండా లైను పొడుగునా తెల్ల గుడ్డ పందిరి, బల్లలు వచ్చాయి. పరుపులూ, బాలీసులూ ఉంచాలని ఎండీ గారే అన్నారు. ఆ తర్వాతి ఆదివారం హిమలోకం తలుపులు బార్లా తెరిచినా మంచుబండి ఎక్కేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళంతా పందిట్లోనే నడుం వాల్చి, టిఫిన్లు విప్పి, సాయంత్రం దాకా కదల్లేదు. పందిట్లో చోటు దొరకనివాళ్ళు దాని ముందు క్రమశిక్షణగా మరో లైను కట్టారు.

ఆ లైను నడి ఎండలో ఉందని కామరాజు పైవాళ్ళకి మనవి చేసుకున్నాడు; పరిశీలిస్తామన్నారు.