ఒక అంగుళం యూనియన్

కార్మిక శాఖ మంత్రిగారు శుక్రవారం ఉదయం విలేఖరుల్ని పిలిచి, తమ ఇంటి పెరటి కొలనులో ఫౌంటెన్ ఎగరబోతున్నదని ప్రకటించారు. కొలనంటే పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మోకాలి లోతు. దాని గురించి ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. అంత చిన్న కొలను మీద అంతసేపు మాట్లాడాలంటే మాటలా?

"మూడేళ్ల మా పాలనలో ఎక్కడా ఒక సమ్మె లేదు, ఒక నినాదం లేదు. చెప్పుకోవడానికి ఒక్క యూనియన్ లేదు. ఆ ప్రశాంతతకి గుర్తుగా నీళ్లు పైకి లేస్తాయి. ఆదివారం పదింటికి విదేశీ పారిశ్రామికవేత్తలు వచ్చి కళ్లారా చూస్తారు" అన్నారు.

ఎంత ఎత్తు లేస్తాయని ఒక విలేఖరి అడిగాడు. దానికి పరిమితులు పెట్టుకోలేదని మంత్రిగారు సెలవిచ్చారు.

నీళ్లు లేవాల్సిన పైపులు మాత్రం అప్పటికి మూడుసార్లు ఊడిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు. పంపు మత్స్యశాఖ పంపింది, దానికి గట్టి తెల్ల పైపు. కొలను చుట్టూ పరిచింది వ్యవసాయశాఖ వారి నల్ల పైపు. ఫౌంటెన్ మూతి పర్యాటకశాఖది, దానికి మెత్తటి గాజురంగు గొట్టం. ఒకదాని సైజు ఇంకోదానికి రాదు. తెల్లదాన్ని పట్టుకునే గమ్ము నల్లదానికి అంటనే అంటదు. మంత్రిగారి పీఏ రెండు డబ్బాల గమ్ము పోశాడు. ఆ గమ్ముకి ఆయన కుడిచెయ్యి, ఎడమచెయ్యి అతుక్కున్నాయి గానీ పైపులు అతుక్కోలేదు.

అప్పుడు ప్లంబరుకి కబురెళ్లింది.

ప్లంబరు ప్రజాపనుల శాఖలో టెంపరరీ. పదకొండేళ్లుగా టెంపరరీ. ఎనభై తొమ్మిది రోజులు పని చేయించుకుని, తొంభయ్యో రోజున తీసేసి, తొంభై ఒకటో రోజున మళ్లీ పెట్టుకుంటారు. అలా చేస్తే మనిషి ఎప్పటికీ కొత్తగానే ఉంటాడని శాఖ ఉద్దేశం. టెంపరరీ మనిషికి సెలవుండదు. తల్లి ఆస్పత్రిలో ఉన్న వారం రోజులూ ఆయన ఎవరెవరివో కొళాయిలు బిగిస్తూనే ఉన్నాడు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకి కడుపు మండుతుంది. ఒక్క రోజు సెలవు చీటీ రాసి, దాని మీద సంతకం చూసుకుని చచ్చిపోయినా ఫర్వాలేదనుకుంటాడు.

"ఏవండీ, ఇవాళ ఎనభై ఏడో రోజు. మంత్రిగారి ఇల్లు కదా, ఆ పర్మినెంట్ సంగతి నోరు తెరిచి అడగండి" అని భార్య పొద్దున్నే మరీ మరీ చెప్పి పంపింది.

పెరట్లో పీఏ చేతులు కిరసనాయిల్లో నానబెట్టుకుంటున్నాడు. వరండాలోంచి మంత్రిగారి భార్య, "అయ్యో, గాలాడక నా చేపలు నోళ్లు తెరుస్తున్నాయయ్యా! తొందరగా కానివ్వండి!" అని మొత్తుకుంటోంది.

ప్లంబరు గొంతుక్కూర్చుని మూడు పైపుల్నీ తడిమి చూశాడు. గమ్మునంతా గోటితో గీకి పారేశాడు. రెండు పైపుల్ని కలిపి బిగించే మరజాయింటుని ప్లంబర్లు యూనియన్ అంటారు. ఆ ముక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

"గమ్ముతో అయ్యే పని కాదండీ ఇది. ఇక్కడ యూనియన్ పెట్టాలి" అన్నాడు.

పీఏ చేతులు కిరసనాయిల్లోనే ఆగిపోయాయి. "ఏం పెట్టాలీ?"

"యూనియన్ అండీ. అది లేకపోతే ఈ మూడూ చచ్చినా కలవవు."

పీఏ తడి చేతులతోనే లోపలికి పరుగెత్తాడు. మరుక్షణం మంత్రిగారు ఒంటికాలి చెప్పుతో బయటికొచ్చారు. ఎంతటి విపత్తులోనైనా స్వయంగా కదిలి వచ్చే నాయకుడాయన.

"ఏమయ్యా, నా ఇంట్లో, నా పెరట్లో యూనియన్ పెడతావా?"

"పెరట్లోనే సార్. నీళ్ల పక్కన, ఓ మూలకి. ఎవరికీ అడ్డం రాదు."

"ఎన్నాళ్లనుంచి ఆలోచిస్తున్నావు?"

"వచ్చి చూడగానే అనిపించింది సార్, ఇక్కడ పరిస్థితి అలా ఉంది."

"ఎంతమందున్నారు?"

ప్లంబరు వేళ్లు మడిచాడు. "మూడేనండీ. ఒకటి మేల్, ఒకటి ఫీమేల్. రెంటినీ పట్టి బిగించడానికి ఒక రింగు."

"ఆడవాళ్లని కూడా లాగాడు సార్. వెనక రింగుందట" అన్నాడు పీఏ, నోట్‌బుక్కులో ఎక్కించుకుంటూ.

"ఇంకెక్కడెక్కడున్నాయివి?"

"ఎక్కడ లేవు సార్! సెక్రటేరియట్‌లో ఉన్నాయి, ఆస్పత్రిలో ఉన్నాయి. మీ మేడమీద బాత్రూములో రెండున్నాయి. నేనే పెట్టాను."

మంత్రిగారు తలెత్తి మేడవైపు చూశారు. ఆ బాత్రూములో ఆయన మూడేళ్లుగా రోజూ పాటలు పాడుతూ స్నానం చేస్తున్నారు.

"నాకు తెలీకుండానా?"

"గోడ లోపల ఉంటాయి కదండీ, పైకి కనబడవు."

"అసలెందుకయ్యా ఇవి?"

"ప్రెషరు ఎంత పెరిగినా తట్టుకుంటాయి సార్. ఎప్పుడైనా ఆపాలనుకోండి, చేత్తో ఇలా ఒక్క తిప్పు. ఎక్కడివక్కడ ఆగిపోతాయి."

"సమ్మె" అన్నాడు పీఏ నీరసంగా.

కొత్తవాడయితే పోలీసుల్ని పిలిచేవాడు. మంత్రిగారు ముప్ఫయ్యేళ్ల అనుభవం గలవారు గనక చర్చలకి పిలిచారు. హాల్లో ప్లంబరుని సోఫా మీద కూర్చోబెట్టారు. ప్యాంటుకి బురదుంది సార్ అని ఆయన మొహమాటపడితే, అది శ్రమజీవి బురద, ఉండనీ అన్నారు. టీ వచ్చింది, బిస్కెట్లొచ్చాయి. బిస్కెట్లు రెండు రకాలు.

"సరే, దాపరికం వద్దు. డిమాండ్లేవిటో చెప్పు" అన్నారు మంత్రిగారు.

"పెద్ద డిమాండ్లేం లేవు సార్. ఒక అంగుళం యూనియన్ ఒక్కటి ఇప్పిస్తే చాలు. టేపూ, క్లిప్పులూ నా దగ్గరే ఉన్నాయి."

"రహస్యంగా తీసిన రికార్డింగులు సార్" అని పీఏ మంత్రిగారి చెవిలో ఊదాడు.

"టేపా?"

"జేబులోనే ఉంటుంది సార్. టేపు లేకుండా నేనెవరింటికీ వెళ్లను."

"మరి... క్లిప్పులూ?"

"రెండున్నాయి సార్. పాతవే గానీ గట్టివి. ఒకసారి బిగుసుకుంటే ఇక ఊడటం ఉండదు."

"ఎక్కడివవి?"

"మీ గెస్ట్‌హౌసులోవే సార్. పోయినేడాది రెండో నంబరు గదిలో రిపేరుకెళ్లినప్పుడు బయటపడ్డాయి. పారెయ్యబుద్ధి కాక దాచాను."

మంత్రిగారి చేతిలో బిస్కెట్టు టీలో పడి కరిగిపోయింది. "రెండో నంబరు గది..." అని ఆయన తనలో తను అనుకున్నారు. "ఎవరికైనా చూపించావా?"

"మా ఆవిడ చూసింది సార్. ఇలాంటి దరిద్రాన్ని ఇంట్లో ఎందుకు పెట్టారని తిట్టిపోసింది."

"ఇల్లాలు" అన్నారు మంత్రిగారు, చేతులు జోడించి.

ప్లంబరు సంచీలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీశాడు. "కావాలంటే చూడండి సార్, ఎంత క్లియర్‌గా..."

"విప్పకు!" మంత్రిగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. పీఏ గోడవైపు తిరిగిపోయాడు. చూసినవాడల్లా సాక్షి అవుతాడని ఆయనకి తెలుసు. పొట్లాన్ని చేతిరుమాలుతో పట్టుకుని, తల పక్కకి తిప్పుకుని, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నారు మంత్రిగారు ప్లంబరు పక్కనే సోఫాలో కూర్చుని. "నీకేం కావాలి?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ప్లంబరుని ఎవరూ అడగలేదు. ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత మంచి మనిషి గురించా క్యాంటీన్లో అన్నన్ని మాటలంటారు!

"పర్మినెంట్ కావాలి సార్. నా ఒక్కడికే కాదు, మేం నలభై ముగ్గురం ఉన్నాం."

"అది నా సంతకంతో అయ్యేది కాదయ్యా. దానికి బిల్లుంది. పదకొండేళ్లుగా సభలోనే ఉంది. ఇప్పుడు ప్రతిపక్ష నాయకుడు అడ్డుకుంటున్నాడు."

"అంతకుముందు సార్?"

"అంతకుముందు ప్రతిపక్షంలో మేమున్నాం కదా, మేం అడ్డుకున్నాం. సోమవారం మళ్లీ పెడతాను. ఒట్టు."

యూనియన్‌కి అక్కడికక్కడే అనుమతి ఇచ్చేశారు. కాకపోతే ఒక అంగుళం మించరాదని షరతు. కొట్టువాడికి చీటీ రాయడానికి కూర్చుంటే పీఏకి ఆ మాట రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆలోచించి ఆలోచించి "ఒక అంగుళం సమైక్యత, ఒకటి" అని రాశాడు. కొట్టువాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, అలాంటిది తన సర్వీసులో ఎన్నడూ అమ్మలేదన్నాడు. ప్లంబరు వేలు పెట్టి చూపించి తెచ్చుకున్నాడు.

గాజురంగు గొట్టాన్ని పట్టి ఉంచాల్సిన ఇనప క్లిప్పులు ఇనప్పెట్టెలో ఉండిపోయాయి గనక దాన్ని బైండింగ్ వైరుతో బిగించాడు. ఆదివారం పదింటికి మంత్రిగారు స్విచ్చి నొక్కారు. తెల్ల పైపు, నల్ల పైపు, గాజురంగు గొట్టం ఒక్కటై నీళ్లు రెండడుగులు ఎగిరాయి. విదేశీయులు చప్పట్లు కొట్టారు. చేపలు నోళ్లు మూశాయి. "యూనియన్లు లేకపోతే నీళ్లు కూడా ఎంత హాయిగా ఎగురుతాయో చూడండి" అన్నారు మంత్రిగారు. ప్లంబరు తను పెట్టిన యూనియన్ వంక చూసి, పోన్లే, పెద్దవాళ్లకివన్నీ ఏం తెలుస్తాయని ఊరుకున్నాడు.

సోమవారం తొంభయ్యో రోజు. ఆ రోజు ప్లంబరు నిరుద్యోగి. అయినా సంచీ భుజాన వేసుకుని సభ వెనక వరండాలో కూర్చున్నాడు. మిగతా నలభై ఇద్దరూ గేటు బయట నిలబడ్డారు.

లోపల మంత్రిగారు ఒట్టు నిలబెట్టుకుని బిల్లు పెట్టారు. ప్రతిపక్ష నాయకుడు లేచి మూడు గంటలుగా దాన్ని చీల్చి చెండాడుతున్నారు.

"అధ్యక్షా! మనిషి జీవితమే టెంపరరీ అయినప్పుడు ప్లంబరు పర్మినెంట్ ఎందుకవ్వాలి? నేనడుగుతున్నా!"

ఆ మాటకి రెండు పక్షాల వారూ బల్లలు చరిచారు. వరండాలో ప్లంబరు లేచి నిలబడ్డాడు. అయిపోయింది, ఇంకో పదకొండేళ్లు అనుకున్నాడు. ఇంటికెళ్లి భార్య మొహం ఎలా చూడాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడు సభాపతి నెత్తిన ఒక నీటిచుక్క పడింది. తర్వాత ఇంకోటి. ఆయన కప్పు వైపు చూసి, ఎవరైనా ప్లంబరుని పిలవండన్నారు.

ప్లంబరు చెప్పులు బయట విడిచి, సభ మధ్యలోకొచ్చి నిలబడ్డాడు. మెడ వెనక్కి వాల్చి కప్పంతా పరకాయించి చూశాడు. పని కళ్లబడితే ఆయనకి దుఃఖం కూడా గుర్తుండదు.

"నేను వేసిన లైనే సార్ ఇది. ఇక్కడున్న వారందరి గదుల్లోంచీ వెళ్తుంది. ఎక్కడో లీకవుతోంది. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదు, ఎవరెవరి గదిలో ఏ క్లిప్పులున్నాయో అన్నీ బయటికి తీసెయ్యాలి." ఆయన సంచీ కింద పెట్టి ప్రతిపక్ష నాయకుడి వైపు వినయంగా తిరిగాడు. "పెద్దవారు, మీ గదితో మొదలెట్టమంటారా సార్?"

ప్రతిపక్ష నాయకుడు కార్మిక మంత్రి వంక చూశారు. కార్మిక మంత్రి మెల్లిగా, బరువుగా తలూపారు.

"అధ్యక్షా, నా ప్రసంగంలో మొదటి సగం అయింది" అన్నారు ప్రతిపక్ష నాయకుడు. "రెండో సగమేమిటంటే, ఈ బిల్లుని మా పక్షం మనస్ఫూర్తిగా బలపరుస్తోంది. ఇంతకాలం ఆపినందుకు సిగ్గుపడుతోంది."

రెండు నిమిషాల్లో బిల్లు ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. వ్యతిరేకించిన వారు లేరు, తటస్థులు లేరు, చెవిటి సభ్యుడొకాయన రెండు చేతులూ ఎత్తారు. పార్టీలకతీతంగా సభంతా లేచి నిలబడి ఒక శ్రమజీవిని గౌరవించింది. అలాంటి దృశ్యం ఆ సభ చరిత్రలో లేదు. గేటు బయట నలభై ఇద్దరు ఒకర్నొకరు కౌగిలించుకున్నారు.

ప్లంబరు చెంపల మీది నీళ్లు తుడుచుకుని, అందరికీ చేతులు జోడించి, నిచ్చెన కోసం చుట్టూ చూశాడు. "చాలా సంతోషం సార్. మరి ఆ లీకు?"

"ఇక్కడ లీకేమీ లేదు" అన్నారు సభాపతి, గొడుగు తెప్పించుకుంటూ.