షట్టరుకు గడప

ఆ సోమవారం ఉదయానికి తిరుపతిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చేయాలి, కొత్తగా కట్టిన షెడ్డు షట్టరు ఎత్తాలి, కారు బయటికి తీయాలి, భార్య వాసంతిని ఎక్కించుకుని మాచర్ల నుంచి గురజాల వెళ్ళాలి. అక్కడి బడిలో ఆమె హెడ్మాస్టరుగా చేరాలి. పిల్లలకు లెక్కలు చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయాక వచ్చిన ప్రమోషను అది. మధ్యాహ్నం లోపు చేరకపోతే ఆ కుర్చీ సీనియారిటీలో తర్వాతివారికి పోతుందని ఆర్డరులో స్పష్టంగా రాసి ఉంది.

అంత ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగారంటే, ఆ ఘనత కొంత తిరుపతిరావు తల్లి చెన్నమ్మది, కొంత ఆయనది. గురువారం ఆర్డరు చేతికొస్తే, శుక్రవారం ఇంటి లక్ష్మి బయటికి పోకూడదని చెన్నమ్మ అంది. శనివారం ఎందుకు వద్దో చెప్పడానికి అది శనివారమన్న సంగతి చాలని కూడా అంది. తిరుపతిరావుకు అవేవీ పట్టింపు లేదు గానీ, హెడ్మాస్టరు గారు బస్సులో వెళ్ళి చేరడం ఆయనకు నచ్చలేదు. షెడ్డుకు షట్టరు పడాలి, అందులోంచి కారు దర్జాగా బయటికి రావాలి, వీధి చూడాలి. అందుకే ముందురోజు రాత్రే ఆర్డరూ సర్టిఫికెట్లూ ఉన్న ఫైలును సంచీలో, సంచీని డిక్కీలో పెట్టి, తాళంచెవిని జేబులో వేసుకుని, జేబును తడుముకుంటూ పడుకున్నాడు.

తిరుపతిరావుది బోరు మోటార్లు బాగుచేసే షాపు. గుండ్రంగా తిరిగే వస్తువేదైనా తన చేతికి లొంగుతుందని ఆయన నమ్మకం. షట్టరు బిగించిన శివాజీకి ఆ నమ్మకం లేదు. ఆదివారం పని ముగించి, పైనున్న రోలరు వంక చూపించి మరీ చెప్పాడు.

"అన్నా, ఆ రోలరులో రెండు స్ప్రింగులున్నయ్. బాగా బిగువు మీదుంటయ్. వాటి బోల్టుల జోలికి మాత్రం పోమాక. ఏదన్నా తేడా వస్తే నాకు ఫోన్ కొట్టు. రేపు వెల్దుర్తిలో పనుంది గానీ, వీలు చూసుకుని వస్తా."

"మోటార్లు చుట్టేవాడికి స్ప్రింగు సంగతి చెప్తన్నావా?" అని తిరుపతిరావు నవ్వాడు. శివాజీ నవ్వలేదు.

శివాజీ అటు వెళ్ళగానే చెన్నమ్మ ఇటు తనిఖీకి వచ్చింది. షట్టరును పైనుంచి కిందికి చూసింది. నేల దగ్గర ఆగిపోయింది.

"గడపేదిరా?"

"షట్టరుకు గడపేందమ్మా?"

"గడప లేనిది వాకిలెట్టా అవుద్దిరా? కోడలు అంత పెద్ద ఉద్యోగానికి గడప దాటకుండానే పోవాల్నా? రేపు పసుపు దేనికి రాయమంటావ్, నీ మొహానికా?"

"మరి కారెట్టా దాటుద్దమ్మా?"

"రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కట్లా? ఇదీ ఎక్కుద్ది."

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి బండ ఒకటి పెరట్లో ఉంది. పక్క వీధి మేస్త్రీని పిలిపించి, చీకటి పడే వేళ దాన్ని షట్టరు కింద సిమెంటు పెట్టి కూర్చోబెట్టారు. మేస్త్రీ లెవెల్ గొట్టం తీసుకొస్తానంటే, ఒక్క బండకు లెవెలెందుకని చెన్నమ్మే వారించింది.

తెల్లారి చూస్తే గడపకు పసుపూ కుంకుమా చక్కగా అమరాయి. షట్టరే అమరలేదు. కిందికి దించితే కుడి చివర బండను తాకుతోంది, ఎడమ చివర రెండు వేళ్ళు దూరేంత సందు మిగులుతోంది. కారు బయటికి తీయడానికి ఆ సందుతో పని లేదు. షట్టరు ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. కానీ రాహుకాలం దాటి తొమ్మిదింటికి గాని బయలుదేరకూడదని చెన్నమ్మ ఆజ్ఞ. అంటే తిరుపతిరావు చేతిలో బోలెడు ఖాళీ సమయం ఉంది. ఆయన ఖాళీగా ఉంటే ఆ ఇంట్లో ఏదో ఒక సామాను ప్రాణం మీదికి వస్తుంది.

"ఎడం పక్క స్ప్రింగు బిగువెక్కువైంది. షట్టరును పైకి గుంజేస్తంది. కొంచెం వదులు చెయ్యాలి," అని తేల్చాడు.

వాసంతి జడలో పూలు పెట్టుకుంటూ ఒక్కసారి వంగి చూసింది. "స్ప్రింగు కాదండీ, బండ వాలుగా ఉంది. కుడి పక్క ఎత్తు."

"నువ్వు బడి చూసుకో. మిషన్ల సంగతి నాకొదిలెయ్."

"ఎలుక దూరితే దూరుద్ది గానీ, ఇవ్వాళ్టికి వదిలెయ్యండి. సాయంత్రం శివాజీ చూస్తాడు."

ఇలా మంచిగా చెబితే వినే మనిషి అయితే ఈ కథే లేదు. తిరుపతిరావు షట్టరు ఎత్తి, షెడ్డు లోపల స్టూలు వేసుకుని, మోటార్ల షాపులోని అతి పెద్ద పైపు రెంచితో ఎడమ బోల్టు పట్టాడు. బోల్టు మొదట మొండికేసింది. తర్వాత ఒప్పుకుంది. అది ఒప్పుకున్న మరుక్షణం స్ప్రింగు గిర్రున విడిపోయింది. రెంచి ఆయన చెవి పక్కనుంచి వెళ్ళి బల్బును పగలగొట్టి, కారు టాపు మీద సొట్ట పెట్టి, ఎక్కడో పడింది. స్టూలు ఒక పక్క, తిరుపతిరావు ఇంకో పక్క పడ్డారు. షట్టరు వీధంతా అదిరేట్టు కిందికి దూకి, కుడి చివర గడపను గుద్దుకుని, కింది ఇనప పట్టీ వంకరపోయి, పక్కనున్న గాడిలో ఇరుక్కుపోయింది.

"ఏమండీ!"

వాసంతి గొంతు అలా వినడం ఆయనకు పెళ్ళయ్యాక అదే మొదలు. ఎడమ సందులోంచి ఆమె వేళ్ళు లోపలికొచ్చాయి. నేలంతా తడుముతున్నాయి. ఆ వేళ్ళు చూశాకే తిరుపతిరావుకు భయం వేసింది. పాకుతూ వెళ్ళి పట్టుకున్నాడు.

"నాకేం కాలా. కారుకే చిన్న సొట్ట."

వేళ్ళు వెంటనే వెనక్కి వెళ్ళిపోయాయి. బతికే ఉన్నాడని తేలింది కాబట్టి ఇక ఆమెకు కోపం వచ్చే వీలు చిక్కింది. "బోల్టు ముట్టుకోవద్దని ఆ శివాజీ నెత్తీ నోరూ కొట్టుకున్నాడు కదండీ! నా ఆర్డరు డిక్కీలో ఉంది. ఇప్పుడు నేనేం తీసుకుని చేరను?"

ఆ షెడ్డుకు ఇంకో దారి లేదు. వెనక ఒక తలుపు పెడదామని మేస్త్రీ అంటే, దొంగలకు దారి చూపిస్తావా అని తిట్టి మానిపించింది తిరుపతిరావే. ఆయన జేబులోంచి సెల్లు తీసి శివాజీకి ఫోన్ కొట్టాడు. శివాజీ అంతా విన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అన్నా, ఇప్పుడు చెప్పేదన్నా విను. ఒక స్ప్రింగే ఊడింది, రెండోది ఇంకా బిగువు మీదే ఉంది. ఎవురూ షట్టరు ఎత్తొద్దు. బలవంతంగా ఎత్తితే రోలరు మొత్తం ఊడి మనుషుల మీద పడుద్ది. బయటోళ్ళని దూరం జరగమను. నువ్వు కారు వెనక్కి పో. ఇక్కడ సగం బిగించిన షట్టరు వదిలిపెట్టి రాలేను, మధ్యానం దాటుద్ది."

ఒకరు చెప్పిన మాట పొల్లుపోకుండా పాటించాలని తిరుపతిరావు జీవితంలో మొదటిసారి నిర్ణయించుకున్నాడు. దానికి ఎంచుకున్న రోజే బాగాలేదు.

ఎదురింటి పున్నమ్మ అప్పటికే వీధి మలుపులో నీళ్ళబిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. వాసంతి బయలుదేరగానే మంచి శకునంగా ఎదురు రావడం ఆమెకు అప్పగించిన పని. చప్పుడు విని బిందెతో సహా పరిగెత్తుకొచ్చింది. ఆమె వచ్చేసరికి వీధిలో మగాళ్ళు నలుగురు షట్టరు కింద చేతులు పెట్టి ఉన్నారు. లోపలినుంచి తిరుపతిరావు అరుస్తున్నాడు.

"ఎత్తొద్దు! ఎవురూ ముట్టుకోవద్దు! నేను బయటికి రాను, మీరంతా పోండి!"

పున్నమ్మ బిందె కింద పెట్టింది. ఆమెకు మొత్తం అర్థమైపోయింది.

"అదీ సంగతి! పెళ్ళాం హెడ్మాస్టరు అవుతందని లోపల తలుపేసుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం కూడా మొహం మాడ్చుకునే ఉన్నాడు, నేను చూశా."

నిన్న సాయంత్రం ఆ మొహం మాడింది గడప వల్ల. ఆ సంగతి వీధికి తెలియదు. తెలిసినా ఇంత బాగుండదు కాబట్టి నమ్మేది కాదు. కబురు అందగానే పున్నమ్మ మొగుడు బసవపున్నయ్య ప్లాస్టిక్ కుర్చీతో వచ్చాడు. గట్టు తగాదాల నుంచి మొగుడూ పెళ్ళాల తగాదాల దాకా ఆ వీధిలో రాజీ ఏదైనా ఆయన చేతుల మీదే జరగాలి. షట్టరుకు ఎదురుగా కుర్చీ వేసుకుని, కండువా సర్దుకున్నాడు.

"అబ్బాయ్ తిరపతీ, ఆడమనిషి పెద్ద కుర్చీ ఎక్కితే నీకేం తక్కువ కాదురా. కోపం మానుకుని బయటికి రా."

"మామా, కోపమేంది, నా బొంద! స్ప్రింగు ఊడి ఇరుక్కున్నా!"

"ఇరుక్కున్నోడైతే ఎత్తండి బాబో అంటాడు. నువ్వు ఎత్తొద్దంటన్నావ్."

"ఎత్తితే మీ మీద పడుద్ది మామా! చానా ప్రమాదం, దూరం జరగండి!"

"విన్నారా, బెదిరిస్తన్నాడు," అని బసవపున్నయ్య జనం వైపు తిరిగాడు. "ఆర్డరు కాయితం ఎవురి దగ్గరుంది? ఈయన దగ్గర. కారు తాళాలు? ఈయన దగ్గరే. ఇంకేం కావాలయ్యా రుజువు?"

తిరుపతిరావుకు తన మీద తనకే అనుమానం వచ్చేంత గట్టిగా ఉంది రుజువు. ప్రమోషను సంగతి తెలిసిన రోజు బజారంతా తిరిగి మిఠాయిలు పంచింది తనే. షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ, మోటారు సంగతి అడక్కముందే, మా ఆవిడ హెడ్మాస్టరు అయిందని చెప్పిందీ తనే. ఆ రైతుల్లో ఒక్కడైనా ఇప్పుడు ఇక్కడ లేకపోవడం ఆయనకు చాలా అన్యాయంగా తోచింది.

"కోడలి ఎదుగుదల ఓర్వలేని కొడుకును కన్నానా నాయనో!" అని చెన్నమ్మ గడప పక్కనే కూలబడింది.

"అమ్మా, నువ్వు కూడానా?"

"తిరపతీ, నలుగురిలో చెప్పిస్తా," అన్నాడు బసవపున్నయ్య, రాజీలో రెండో మెట్టుకు దిగుతూ. "బడిలో ఆమె పెద్ద, ఇంట్లో నువ్వే పెద్దని వాసంతి చేత చెప్పిస్తా. సరేనా?"

"మామయ్యా, ఒక్క నిమిషం పక్కకు జరుగుతారా?" అంది వాసంతి.

వాచీ చూసుకుంది, షట్టరు చూసింది, ఎడమ చివరికి వెళ్ళి పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి సందు దగ్గర వంగింది.

"ఏమండీ, డిక్కీ తెరవండి."

"తెరిచి ఏం లాభమే, సంచీ ఈ సందులో పట్టదుగా."

"సంచీ ఎవరికి కావాలి? ఫైలు తీసి ఇటు తొయ్యండి."

పొద్దున్నుంచీ ఏ సందును మూయాలని తిరుపతిరావు ఇంత ఘనకార్యం చేశాడో, వెలుతురు ఆ సందులోంచే వస్తోంది. ఆ వెలుతురులోనే డిక్కీ తెరిచి ఫైలు తెచ్చాడు. ఫైలు పట్టలేదు. విప్పి చూస్తే మధ్యలో కుంకుమ పొట్లమూ ఒక నిమ్మకాయా ఉన్నాయి. అవి పెట్టిన మనిషి బయట ఇంకా ఏడుస్తోంది. రెండూ తీసేసి తోస్తే, ఫైలు సందులోంచి బయటికి జారింది.

"బస్సు అందుద్దా?" అని అడిగాడు, గొంతు తగ్గించి.

"అందుద్ది. మీరు కారు వెనకే ఉండండి. శివాజీ వచ్చేదాకా ఒక్క బోల్టు కూడా ముట్టుకోకండి."

"ముట్టుకోను. నీ మీద ఒట్టు. పో, పో, టయిమవుతంది."

వాసంతి ఫైలు పట్టుకుని నిలబడగానే బసవపున్నయ్య కుర్చీలోంచి లేచి కండువా దులిపాడు. "చూశారా, దారికి తెచ్చా! కాయితం ఇచ్చేశాడు. బయటికి రావడానికి మొహం చెల్లడంలా, అంతే. దాని సంగతి తర్వాత చూద్దాం." వాసంతి ఆటో ఎక్కింది. పున్నమ్మ బిందె ఎత్తుకుని అడ్డదారిన పరిగెత్తి, ఆటోకు ఎదురొచ్చి, సగం నీళ్ళు డ్రైవరు మీద పోసి తన బాధ్యత తీర్చుకుంది.

మధ్యాహ్నం కాకముందే ఫోన్ మోగింది.

"చేరానండీ. సంతకం పెట్టేశా. ఆ కుర్చీలోనే కూర్చుని మాట్లాడతన్నా."

తిరుపతిరావు కారు వెనక, చీకట్లో, నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన తెలివి వల్ల ఆ కుర్చీ పోబోయిందన్న సంగతి అప్పుడు పూర్తిగా తలకెక్కింది. "చానా సంతోషంగా ఉందే," అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి సందు దగ్గర చెన్నమ్మ గొంతు వినిపించింది. ఏడుపు ఎప్పుడో ఆగింది.

"ఒరేయ్, గడప పెట్టించబట్టే ఆ సందు వచ్చింది. సందు ఉండబట్టే కోడలి ఉద్యోగం నిలిచింది. షట్టరుకు గడపేందన్నావే, ఇప్పుడు చెప్పు."

అంతలో శివాజీ ఫోన్ చేసి, వెల్దుర్తి పని సాయంత్రానికి గాని తెమలదన్నాడు. బయట బసవపున్నయ్య, తిరపతి ఇంకా పూర్తిగా మెత్తబడలేదని వచ్చేపోయేవాళ్ళకు వివరిస్తున్నాడు. వంటింట్లోంచి బెల్లమూ యాలకులూ కలిసిన వాసన వచ్చింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదన్న సంగతి తిరుపతిరావు కడుపుకు గుర్తొచ్చింది.

కోడలి ప్రమోషనుకు చెన్నమ్మ పూర్ణం చేసింది బూరెలకే గానీ, సందు చూసుకుని బొబ్బట్లు వేసింది.