మూడు వారాల తుప్పు

ఆ ఆదివారం హెడ్ క్లర్కుగారి పథకం పక్కాగా ఉంది. తొమ్మిదింటికి గడ్డం గీయించుకోవడం, పదింటికి జానెడు పొడవున్న తన ప్లాస్టిక్ యుద్ధనౌకని మోడల్ క్లబ్బు పోటీలో పెట్టడం, పదకొండింటికి పళ్ల డాక్టరు మొహం మాడిపోవడం కళ్లారా చూడడం. రెండేళ్లుగా మొదటి బహుమతి ఆ డాక్టరే తన్నుకుపోతున్నాడు. ఈసారి హెడ్ క్లర్కుగారి దగ్గర తుప్పు ఉంది. మూడు వారాలపాటు భూతద్దం పెట్టుకుని, వెంట్రుకంత సన్నటి కుంచెతో, అచ్చం సముద్రంలో తిరిగిన ఓడలా కనిపించాలని, లంగరు కింద ఒక చార, కిటికీ కింద ఒక చార చొప్పున వేసిన రంగు తుప్పు. స్తంభాల మధ్య బిగించి కట్టిన సన్నటి దారాలు దానికి అదనం.

నౌకని భోజనాల బల్ల మీద పెట్టి సెలూనుకి వెళ్లారు. తిరిగొచ్చేసరికి అది వంటగదిలో, కడిగిన గిన్నెల పక్కన బోర్లా పడుకుని ఆరుతోంది.

"చూశారా అల్లుడుగారూ, ఎలా మెరుస్తోందో! ఎక్కడ కొన్నారోగానీ ఒళ్లంతా తుప్పే. పైన బూజు కూడానూ. అంతా వదలగొట్టేశాను," అన్నారు అత్తగారు, చేతులు తుడుచుకుంటూ.

బూజంటే దారాలు! హెడ్ క్లర్కుగారి ఒళ్లు మండిపోయింది. కానీ పెద్దావిడని పట్టుకుని ఏమనగలరు? గదిలోకి వెళ్లి భార్య మీద విరుచుకుపడ్డారు.

"ప్లాస్టిక్‌కి తుప్పు పట్టదని మీ అమ్మకి తెలీదూ? మూడు వారాల కష్టం సబ్బునీళ్లలో పోసింది!"

"అరవకండి. తుప్పేగా మీకు కావాలి?" అందావిడ. తుప్పు పట్టిన బాల్కనీ గ్రిల్లుని చాకుతో గీకి, ఆ పొడిని జిగురుతో నౌకంతా అంటించింది. ఆయన చొక్కా మార్చుకుని వచ్చేలోపే అది అత్తగారి కంటపడింది.

"అయ్యో, మళ్లీ పట్టేసిందే!"

ఈసారి ఆవిడ పీచు పెట్టి తోమారు. రెండు ఫిరంగులు ఊడి సింకు తూములోకి జారిపోయాయి. హెడ్ క్లర్కుగారు పళ్లు బిగించి నౌకని పెట్టెలో పెట్టుకున్నారు. పేరిచ్చాక వెళ్లకపోతే భయపడ్డాడనుకోడూ ఆ డాక్టరు? తను కడిగిన ఓడ కదా అని అత్తగారు కూడా బయల్దేరారు.

పోటీకి న్యాయనిర్ణేత, ముప్పై ఏళ్లు రేవులో ఓడలకి రంగులు వేసిన మేస్త్రీ. బల్లల వెంట నడుస్తున్నకొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"ఏంటండీ ఇది? ఇదీ తుప్పే, అదీ తుప్పే! వేలెడు తుప్పు కనిపిస్తే మా పై అధికారి తోలు తీసేవాడు. మా పనిని వెక్కిరిస్తున్నారా మీరంతా?"

అందరికంటే ఎక్కువ తుప్పున్న నౌక డాక్టరుదే. ఆయన మొహం నిజంగానే మాడిపోయింది. మేస్త్రీ హెడ్ క్లర్కుగారి నౌక దగ్గర ఆగిపోయాడు.

"ఇదండీ ఓడంటే! ఫిరంగులు రెండు తక్కువైతేనేం, ఎంత బాగా చూసుకున్నారో! ఎవరి పని ఇది?"

ఒక్కసారి తలూపి ఊరుకుంటే సరిపోయేది. కానీ పొద్దుట్నుంచీ దిగమింగిన కోపం అప్పుడే కట్టలు తెంచుకుంది.

"నా పని మాత్రం కాదు! అక్షరాలా మూడు వారాలు తుప్పు వేశాను నేను! అంతా తోమిపారేసింది, అదిగో, ఆవిడ! మా అత్తగారు!"

మేస్త్రీ వెళ్లి, అత్తగారికి రెండు చేతులా నమస్కారం పెట్టి, మొదటి బహుమతి షీల్డు ఆవిడ చేతికిచ్చాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పళ్ల డాక్టరు.

షీల్డు ఇప్పుడు ముందుగదిలో అందరికీ కనిపించేలా ఉంది. రోజూ దాని దుమ్ము దులిపే పని మాత్రం హెడ్ క్లర్కుగారిది.