పెద్దల్లుడి కార్డు

ఆ పొద్దు నరసింహప్ప వేసుకున్న లెక్క చాలా సులువైంది. పాలు పిండి డెయిరీకి పోయాలి. తెల్ల పంచె కట్టుకుని, భార్య హేమావతితో మండికల్‌లో బస్సెక్కి, చింతామణిలో బామ్మర్ది పునీత్ పెళ్లికి చేరుకోవాలి. మొదటి పంక్తిలో పెళ్లికొడుకు పక్క ఆకు ముందు కూర్చుని, అత్తగారు రామలక్ష్మమ్మ చేత శాలువా కప్పించుకోవాలి. ఆ ఇంట ఏ పెళ్లి జరిగినా ఆ ఆకు పెద్దల్లుడిదే.

ఈ లెక్కలో ముల్లు ఒక్కటే, తోడల్లుడు అంబరీష్. చింతామణిలో పట్టుచీరల అంగడి పెట్టుకున్న ఆ చిన్నల్లుడు వచ్చినప్పటి నుంచి, అత్తగారింట ఏ మాట మొదలైనా అతని దగ్గరికే పోయి ఆగుతోంది. ఇప్పుడు కల్యాణ మంటపం బస్టాండు పక్కనే ఉందనీ, పిలవని వాళ్లంతా తినిపోతారనీ చెప్పి, భోజనాల గడప దగ్గర ఒక మిషన్ పెట్టించాడు. పిలిచిన వాళ్ల బ్యాంకు కార్డో ఫోనో ముందే అందులో ఎక్కించారు. దాన్ని ఆనిస్తే పైసా పోదు. వచ్చిందెవరో గుర్తుపట్టి, పేరూ వరసా మైకులో చెప్పి, తలుపు తీస్తుంది. ఒక కార్డుకు ఒక్కసారే.

"కార్డు మోసేది ముసిలోల్ల పనంట. ఆయప్ప ఫోనే ఆనిస్తాడంట," అన్నాడు నరసింహప్ప, పంచె కుచ్చిళ్లు సరిచేసుకుంటూ.

"ఆనించుకోనీలే. నీకేమి నొప్పి?" అంది హేమావతి జడలో కనకాంబరాలు పెట్టుకుంటూ.

నొప్పి ఎక్కడో చెప్పుకోలేకే అతను పొద్దున్నుంచి సతమతమవుతున్నాడు. అతని పాత ఫోనుకు ఆ విద్య రాదు. అందుకని దేవుని గూట్లో ఉన్న కార్డు తీసి ఫోను కవర్లో దోపుకున్నాడు. ఆనించేది కార్డే అయినా చూసేవాళ్లకు ఫోనే కనిపిస్తుంది. గూట్లో ఉన్నవి రెండు కార్డులు, రెండూ ఒకే బ్యాంకువి, ఒకే రంగువి. శుక్రవారం పూజలో హేమావతి రెండింటికీ పేర్ల మీదే పసుపు కుంకుమలు పెట్టింది. చేతికందింది అతను తీసుకున్నాడు, మిగిలింది ఆమె తీసుకుంది.

మంటపంలో హేమావతి వదినలతో మాటల్లో పడింది. నరసింహప్ప గడప దగ్గర జనం చేరేదాకా ఆగాడు. అందరూ చూస్తున్నారని తేల్చుకుని, గొంతు సవరించుకుని, ఫోను ఎత్తి మిషన్‌కు ఆనించాడు.

"పెద్దకూతురు హేమావతమ్మకు స్వాగతం!" అని మైకు ఖంగుమంది.

మిషన్ పక్కన కూర్చున్న నయన అనే పిల్ల తల ఎత్తకుండానే, "లోపలికి రాండమ్మా," అంది. తర్వాత ఎత్తి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా నరసింహప్పా, చీర యాడ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. పంక్తిలో కూర్చున్న వాళ్లు కూడా ఆకుల మీద నీళ్లు చల్లడం మాని నవ్వారు.

"ఇది ఆ అంబరీష్ పనే! నా పేరు కావాలనే మార్పిచ్చినాడు!"

నరసింహప్ప అలిగాడు. ఈ తలుపున వచ్చి, చేతులు కడిగే వైపు తలుపున బయటికి పోయాడు. అల్లుడు అలిగితే ఎవరెవరు రావాలో అతనికి తెలుసు. ముందు భార్య వస్తుంది, కదలకూడదు. తర్వాత బామ్మర్ది వస్తాడు, అప్పుడూ కదలకూడదు. చివరికి అత్తగారే వచ్చి గడ్డం పట్టుకుంటుంది. బండ్లు నిలిపే చోట ఒక ట్రాక్టరుకు ఆనుకుని, బాగా కనపడేట్టు నిలబడ్డాడు.

ఎవరూ రాలేదు. మైకు మాత్రం పలికింది. "పెద్దల్లుడు నరసింహప్ప గారికి స్వాగతం!"

తన పేరు మీద ఎవడో లోపలికి పోయాడు! పంచె ఎగగట్టి గడప దగ్గరికి పరిగెత్తి ఫోను ఆనించాడు. మిషన్ ఎర్రబడింది.

"హేమావతమ్మ ఎప్పుడో లోపలికి పొయినారు సార్," అంది నయన.

"నేను నరసింహప్పను!"

"ఆయప్ప కూడా ఇప్పుడే పొయినారు."

"అట్లైతే నేనెవురు?"

"నేనూ అదే అడగతాండా సార్."

పక్కన ఇంకో గొడవ జరుగుతోంది. పట్టు పంచె, బంగారు అంచు కండువాతో అంబరీష్, నల్లబడిన ఫోనును తొడకేసి రుద్దుతున్నాడు. పొద్దున్నుంచి వీడియోలు తీసీ తీసీ ఛార్జింగు అయిపోయింది. కార్డు ఇంట్లో పెట్టి వచ్చాడు.

"ఈ మిషన్ పెట్టిచ్చిందే నేను కదమ్మా!"

"పెట్టిచ్చినోల్లు కూడా ఆనించల్ల సార్. ఎవురు వచ్చినా వదలొద్దని మీరే చెప్పినారు."

తోడల్లుళ్లిద్దరూ ట్రాక్టరు దగ్గరికి చేరారు. కాసేపు ఒకరి చెప్పులు ఒకరు చూసుకున్నారు.

"నా పేరు మార్పిచ్చి ఏం బాగుపడితివి అంబరీషా?"

"నీ పేరు నేనెందుకు మారుస్తానన్నా? నా పేరు ఒకసారి మైకులో వినాలనే ఈ మిషన్ పెట్టిచ్చింది. నువ్వు ఊరికే కూచున్యా పెద్దల్లుడివి. నేను అంగడి మూసి వచ్చి ఎంత చాకిరీ చేసినా, అత్త 'పెద్దాయప్ప వచ్చినాడా' అనే అడుగుతాది. నీ శాలువా చూసినప్పుడల్లా నాకు అన్నం దిగదన్నా."

నరసింహప్పకు ఒళ్లంతా చల్లబడింది. ఇన్నేళ్లూ తానొక్కడే ఈ మంట మోస్తున్నాననుకున్నాడు. చిన్నల్లుడి కళ్లలో నీళ్లు చూడగానే అతని మీద ఎంతో ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఇంకోసారి చెప్పు, ఏమంటాది అత్త?" అన్నాడు.

అప్పుడే కిటికీలోంచి రామలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "పెద్దల్లుడు వచ్చినాడని మైకులో చెప్పిరి, యాడా కనపడ్డు! అన్నం చల్లారతాండాది, పెండ్లికొడుకు ఆకలితో ఉండాడు. హేమా, నువ్వే కూచో. మీ ఇంటికి పోయే మర్యాదే కదా!"

ఇద్దరూ కిటికీ చువ్వలు పట్టుకుని చూశారు. పెళ్లికొడుకు పక్క ఆకు ముందు హేమావతి కూర్చుంది. వద్దంటూనే భుజాలు ముందుకు వంచింది. అత్తగారు శాలువా కప్పింది. పంక్తి పంక్తంతా చప్పట్లు కొట్టింది. హేమావతి శాలువా కొస సర్దుకుని, బూరెల కోసం ఆకు కాస్త ముందుకు జరుపుకుంది.

అల్లుళ్లిద్దరూ వెనక తలుపున వంటింట్లో దూరి, గుండిగల మధ్య వంటవాళ్లతో కలిసి తిన్నారు. అక్కడ ఎవరూ వాళ్లను ఎవరని అడగలేదు.

సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు హేమావతి తీసుకుంది. శాలువా తీయలేదు. టికెట్టు కొనమనీ, మంచినీళ్లు తెమ్మనీ, పక్కకు జరగమనీ చెప్పింది. నరసింహప్ప చెప్పిందల్లా చేశాడు. పెద్దల్లుడితో పెట్టుకునేంత ధైర్యం ఆ ఇంట ఎవరికీ ఉండదు.