మూడో తరగతికి దిగులు పుట్టిన రోజు

ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ రోజు జరిగిన రభసకంతటికీ కారణం గంట మాస్టారే. హెడ్మాస్టరు అయ్యాక కూడా బడిగంట ఇంకొకరి చేతికివ్వరు కనుక ఆయనకా పేరు. రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చి, "పిల్లాడంటే ఒట్టి బుర్ర కాదమ్మా, మనసూ ఒళ్ళూ కూడా" అని తానే కనిపెట్టినట్టు మూడో తరగతి టీచరమ్మకు చెప్పారు. కన్నతల్లులకు ఈ సంగతి ముందే తెలుసు. వాళ్ళకెవరూ సర్టిఫికెట్టు ఇవ్వలేదు, అంతే.

దాంతో మూడో తరగతి గదిలో ఒక తాడు వెలిసింది. పొద్దున్నే ప్రతి పిల్లా, పిల్లాడూ తన మనసెలా ఉందో ఆ తాడుకు బట్టల క్లిప్పు పెట్టి చెప్పాలి. ఆకుపచ్చ అంటే సంతోషం. ఎరుపు అంటే కోపం. వాళ్ళు నోరు విప్పేముందు బడి చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. నీలం అంటే దిగులు. వాళ్ళను మూలనున్న చిన్న పరుపు మీద కూర్చోబెట్టి టీచరమ్మ పక్కన చేరి వినాలి.

ఆ ఉదయం తనిఖీ అధికారి వస్తున్నారు. టీచరమ్మది తాత్కాలిక ఉద్యోగం. ఆయన మెచ్చుకుంటే పర్మనెంటు, లేకపోతే ఇంటికి.

"అందరిచేతా ఆకుపచ్చే పెట్టించమ్మా," అన్నారు గంట మాస్టారు.

"అబద్ధం చెప్పించమంటారా సార్?"

"అబద్ధం కాదమ్మా, ముందుజాగ్రత్త."

అధికారి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారో లేదో, ఒక పాప నీలం క్లిప్పు పెట్టింది.

"ఏమైంది తల్లీ?"

"అందరికీ పళ్ళూడాయి టీచర్. నాకే ఊడట్లేదు."

టీచరమ్మ నవ్వలేదు. నోరు తెరిపించి, ఒక్కో పన్నూ కదిపి చూసి, "ఇదిగో, ఇది కదులుతోందే!" అంది. పాప మొహం వెలిగిపోయింది. అది చూసి క్లాసు క్లాసంతటికీ దిగులు పుట్టుకొచ్చింది. ఒకడికి చెల్లెలు పుట్టిందని దిగులు. ఇంకొకడికి పుట్టలేదని. పరుపు చాలక పిల్లలు నేల మీదికి పొంగారు.

గంట మాస్టారు పరుగెత్తుకొచ్చారు. "ఏంట్రా ఈ ఏడుపుగొట్టు మొహాలు? నవ్వండి! నవ్వకపోతే ఆటల పీరియడ్ కట్!"

అంతవరకు ఉత్తుత్తిగా ఉన్న దిగులు కాస్తా నిజమైపోయింది. అందరూ గొల్లుమన్నారు.

మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చిన ఒక తల్లి కిటికీలోంచి ఆ ఏడుపు చూసి, తెలిసిన వాళ్ళందరికీ ఫోన్లు చేసింది. కాసేపటికి గుమ్మం నిండా అమ్మలూ నాన్నలూ, ముందు వరసలో ఒక తాత.

"ఏమయ్యా, పిల్లల్ని ఏం చేశారు? చంపుతున్నారా, చదువు చెబుతున్నారా?" తాత చేతికర్ర లేచింది.

టీచరమ్మ అలవాటు కొద్దీ క్లిప్పుల బుట్ట ముందుకు చాపింది. "ముందు క్లిప్పు పెట్టండి తాతగారూ. తర్వాత తిడుదురు గాని."

పెద్దలందరూ ఎర్రవే పెట్టారు. పిల్లలు ఏడుపు ఆపేశారు. "అయితే బడి చుట్టూ తిరిగి రావాలి!" అని ఎవరి పెద్దల్ని వాళ్ళు చేయి పట్టుకుని లాక్కుపోయారు. సగం దూరం వెళ్ళేసరికే కోపం ఆయాసంలోకి దిగింది. తాత ఒగరుస్తూ, "ఇంతకీ నేనెందుకొచ్చానే?" అని మనవరాలినే అడిగాడు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి తనిఖీ అధికారి పరుపు మీద ఉన్నారు, చేతిలో నీలం క్లిప్పుతో.

ఉద్యోగం ఊడిందనే అనుకుంది టీచరమ్మ. అయినా పక్కన కూర్చుంది. "ఏమైంది సార్?"

"ఇన్నేళ్ళుగా ఇన్ని బడులు తిరిగానమ్మా. కాఫీ తాగుతారా అన్నవాళ్ళే గానీ, ఎలా ఉన్నారని అడిగినవాళ్ళు లేరు."

ఉద్యోగం అక్కడికక్కడే పర్మనెంటయింది. అయితే ఎవరైనా ఒక పని బాగా చేస్తే, వాళ్ళచేత ఆ పని మాన్పించి, దాని గురించి చెప్పడానికి ఊళ్ళు తిప్పడం పైవాళ్ళ పద్ధతి. మిగతా బడుల వాళ్ళకు నేర్పమని మర్నాడే టీచరమ్మను పంపించేశారు. మూడో తరగతి గంట మాస్టారి నెత్తిన పడింది.

చివరికి తేలిన లెక్క ఏమిటంటే, ఆయనకు పోయినవి ఒక టీచరు, రోజూ మధ్యాహ్నం ఆఫీసు గదిలో తీసే నలభై నిమిషాల నిద్ర.