కట్టు కట్టని చెయ్యి

ఆ ఉదయం గుమస్తా వేసుకున్న పథకం చాలా సులువైనది. చేతికి కట్టు కట్టుకుని ఆఫీసుకు వెళ్లడం, రాయలేనని చెప్పి వారం సెలవు పుచ్చుకోవడం, మర్నాడు మధ్యాహ్నం బస్సులో భార్యతో అత్తవారింటికి వెళ్లడం. ఎప్పటి నుంచో వాయిదా పడుతున్న ప్రయాణం అది. ఈసారి ఆయన రాకపోతే తానొక్కతే వెళ్తాననీ, తిరిగి ఎప్పుడొస్తానో చెప్పలేననీ భార్య తేల్చేసింది.

కట్టు కట్టింది కూడా ఆవిడే. ఎడమ చెయ్యి పట్టుకోబోతే గుమస్తా వెనక్కి లాక్కున్నాడు. అతనిది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. దానికి కట్టు కడితే గడ్డం ఎవరు గీస్తారు, గుండీలు ఎవరు పెడతారు? "కుడిదానికి కట్టవే. ఎలాగూ ఊరికే వేలాడుతూ ఉంటుంది," అన్నాడు. ఆ పార్సిల్ ఆఫీసుకు బదిలీ మీద వచ్చి రెండు రోజులే అయింది. మూటలు మోయించారు తప్ప ఇంకా కలం చేతికివ్వలేదు. అతని వాటం అక్కడెవరికీ తెలియదు.

మేనేజరు మంచివాడు. రాయలేనివాణ్ణి కూర్చోబెట్టుకుని తానేం చేసుకుంటానని సెలవు ఇచ్చేశాడు. అయితే మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు, ఒక పార్సిలు మీద చిరునామా రాయాల్సి ఉంది. "ఎడమ చేత్తోనైనా ఎలాగోలా గీకి వెళ్లవయ్యా," అన్నాడు.

గుమస్తా వంకరటింకరగా రాద్దామనే మొదలుపెట్టాడు. పేరు దాకా బాగానే చెడగొట్టాడు. వీధి దగ్గరకొచ్చేసరికి చెయ్యి మాట వినలేదు. బడిలో బహుమతులు తెచ్చిపెట్టిన దస్తూరీ అది. అక్షరాలు ముత్యాల్లా వచ్చి కూర్చున్నాయి.

మేనేజరు కళ్లు చెమర్చాయి. భోజనాల నుంచి వచ్చినవాళ్లందరినీ పిలిచి చూపించి, రెండు చేతులూ బాగున్నవాళ్లు సిగ్గు తెచ్చుకోవాలన్నాడు. ఇంత పట్టుదల గల మనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం పాపమని సెలవు రద్దు చేశాడు. సిగ్గుపడినవాళ్లు తలా పది పార్సిళ్లు తెచ్చి గుమస్తా ముందు పడేసి వెళ్లారు. నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే పెళ్లాం పోతుంది. ఏం చెయ్యాలో పాలుపోక సాయంత్రం దాకా రాస్తూనే ఉన్నాడు.

ఇల్లు చేరేసరికి ఎడమ మణికట్టు బూరెలా వాచింది. భార్య పెట్టె సర్దడం ఆపకుండానే జరిగిందంతా విన్నది. ఇంట్లో ఉన్న కట్టు గుడ్డ ఒక్కటే కాబట్టి, కుడి చేతి కట్టు విప్పి ఎడమ చేతికి కట్టింది. "రేపు మధ్యాహ్నం బస్సు. మీరొచ్చినా సరే, రాకపోయినా సరే," అంది.

మర్నాడు కట్టులేని కుడి చేతిని చూసి మేనేజరు సంబరపడ్డాడు. "నయమైపోయిందన్నమాట. ఇంకేం, నిన్న రాసి రాసి వాచిన ఎడమదానికి విశ్రాంతినిచ్చి దీంతో కానివ్వు," అని కలం అందించాడు. గుమస్తాకు అబద్ధాలాడే ఓపిక లేదు. జన్మలో మొదటిసారి కుడి చేత్తో, ఎంతో నిజాయితీగా, నాలుక బయటపెట్టి మరీ రాశాడు.

మేనేజరు ఆ చిరునామాను తిప్పి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని చూశాడు. చివరికి కలం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. "నాయనా, నువ్వొక వారం ఇంటి దగ్గరే ఉండు. ఇలా రాస్తే ఈ పార్సిలు ఏ ఊరు పోతుందో దేవుడికే తెలియాలి," అన్నాడు.

గుమస్తా పరుగున వెళ్లి బస్సు అందుకున్నాడు. నిన్ననే కుడి చేత్తో రాసి చూపిస్తే కట్టు గుడ్డ కూడా మిగిలేదని భార్య దారి పొడుగునా అంటూనే ఉంది.