పొగ చేసిన తప్పు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. మా చిన్నల్లుడు నడిపే బస్సుకు దక్కిన మహా గౌరవం గురించి చెబుతాను.

డీజిల్ బస్సులో, పొగను కొంత చల్లార్చి మళ్ళీ ఇంజనులోకే పంపే పెట్టె ఒకటి ఉంటుంది. నేను పెద్దగా చదువుకోలేదు గానీ, అల్లుడు అన్నం తింటూ చెప్పిందే చెప్పగా నాకూ వంటబట్టింది. పెట్టెలో సన్నని గొట్టాలు. గొట్టాల్లో పొగ, చుట్టూ నీళ్ళు. పొగలోని ఆమ్లం గొట్టాలను లోపలి నుంచి తినేస్తుంది. చిల్లు పడిందా, నీళ్ళు ఇంజనులోకి దిగుతాయి, బండి ఉన్నచోటే కూలబడుతుంది. అందుకని గొట్టాల లోపల రక్షణ పూత వేయాలని బస్సుల కంపెనీవారు సభ పెట్టి తీర్మానించారు. ఎంత ముందుచూపో చూడండి.

అయితే సభలో ఒక గంభీరమైన ఆక్షేపణ వచ్చింది. పూతల విభాగం అధికారిని అందరూ మెరుపుల సారు అంటారు. ఆయన లేచి, "లోపల పూస్తే ఎవరికి కనిపిస్తుంది? ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దలు గొట్టంలో తల దూర్చి చూస్తారా?" అని అడిగారు. గొట్టంలో పట్టే తల అక్కడ ఎవరికీ లేదు కాబట్టి, పూత పెట్టె బయటే వేయాలని ఏకగ్రీవంగా నిర్ణయమైంది.

వేశారు. అబ్బ, అద్దమే అనుకోండి! రిబ్బను కత్తిరించిన పెద్దాయన పెట్టెలో చూసుకుని మీసం సరిచేసుకున్నారు. ఊరంతా చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్ళకే అల్లుడి బస్సు ఎత్తు ఎక్కుతూ తెల్లటి ఆవిరి కక్కి, నిండా జనంతో నడిరోడ్డు మీద ఆగిపోయింది. విచారణ సంఘం వచ్చి పెట్టెను బయటి నుంచి క్షుణ్ణంగా పరీక్షించింది. పూత మీద చిన్న గీత కూడా లేదు. కాబట్టి పూత నిర్దోషి. ఇక మిగిలింది డ్రైవరే. ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు.

మా అమ్మాయి ఊరుకునే రకం కాదు. చంటిదాన్ని చంకనేసుకుని ఆఫీసుకు పోయింది. వెనకే నేనూ.

"ఏం సారూ, పొగ పోయేది లోపల్నుంచి కదా! మధ్యలో మా ఆయనేం చేశాడు?"

మెరుపుల సారు జాలిగా నవ్వారు. "చూడమ్మా, మా వైపు నుంచి రక్షణ సంపూర్ణంగా కల్పించాం. పూత వేసిన వైపు నుంచి పోకుండా లోపల్నుంచి పోవడం పొగ చేసిన తప్పు. బండి స్టార్టు చేసి ఆ పొగను ప్రోత్సహించింది మీ ఆయన."

"అయితే స్టార్టు చెయ్యకుండా నడపమంటారా?"

"ఇప్పుడు దారికొచ్చావమ్మా!"

అమ్మాయి సూచన మర్నాడే అమల్లోకి వచ్చింది. బస్సులన్నింటినీ షెడ్డులోకి తోసి, మూతలు తెరిచి, పెట్టెలు బయటికి కనిపించేలా నిలబెట్టారు. ఆ తర్వాత ఒక్క గొట్టానికీ చిల్లు పడలేదు. కంపెనీకి ఉత్తమ రక్షణ బహుమతి వచ్చింది. అల్లుడి ఉద్యోగమూ నిలిచింది. ఇప్పుడు గుడ్డముక్కతో పెట్టెలు తుడుస్తున్నాడు. "ఇంత సుఖమైన డ్రైవింగు ఎప్పుడూ చెయ్యలేదత్తయ్యా" అంటాడు గానీ, కంచం ముందు నుంచి సగంలోనే లేస్తాడు.

మేమందరం నడిచే పోతున్నాం. షెడ్డు ముందుకు రాగానే ప్రతివాళ్ళూ ఆగి, ఆ మెరుపులో జుట్టు సవరించుకుని, "ఎంత బాగా పూశారో!" అనుకుంటూ కదులుతారు. కాన్పుకు నడిచి వెళ్తున్నవాళ్ళు కూడా.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు పైపైన కాస్త మెరుగు పెట్టండి. ఉన్నదున్నట్టు చెబితే, లోపలేముందో చూసే ఓపిక మనలో ఎవరికుంది గనక?